మొరియార్టీ పాత్ర – కొందరు నటులు

అపరాధ పరిశోధక సాహిత్యాన్ని గురించి అభ్యుదయ విమర్శకులు వ్రాయడం అరుదు. వ్రాసినప్పుడు రెండు ముక్కల్లో తేల్చివేయడం పరిపాటి. అది కాలక్షేపపు సరుకనీ, పాఠకుల దృష్టిని అసలు సమస్యలనుంచి పక్కకు మళ్ళిస్తుందనీ, ఆస్తిపరుల ఆస్తికి కాపలా కాసే కథలనీ అంటారు. ఈ మాటల్లో నిజం లేకపోలేదు. అయినా మన విద్యార్థులు ఆ కథలు చదువుతూనే వున్నారు. వాటిమీద తీసిన చిత్రాలను చూస్తూనే వున్నారు. ఒక తరం కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలను అద్దె పుస్తకాల షాపునుంచి తెచ్చుకుని రాత్రికి రాత్రి చదివి తెల్లవారి తిరిగి ఇచ్చేది. ఈ తరం షెర్లాక్ హోమ్స్‌ను చేతిలోని ఫోనులో చూస్తున్నది. ఇంతమంది ఇంత ఇష్టంగా చూసేదానిని నేను చూడను అని విమర్శకుడు పట్టుబడితే నష్టం విమర్శకే.

హోమ్స్‌ను గురించి వ్రాసినవారు చాలామంది వున్నారు. నేను అతని ప్రత్యర్థి ప్రొఫెసర్ మొరియార్టీని గురించి వ్రాయదలచుకున్నాను. సమాజం తన కథానాయకుడిలో తన ఆశను చూసుకుంటుంది. ప్రతినాయకుడిలో తన భయాన్ని బయటపెట్టుకుంటుంది. 1893లో పుట్టిన ఒక దుష్టపాత్రను రంగస్థలంమీద, వెండితెరమీద, టెలివిజనులో పదులకొద్దీ నటులు ధరించారు. ఆ వేషాలను వరసగా పెట్టి చూస్తే ఏ కాలంలో ఎవరు దేనికి భయపడ్డారో, ఆ భయాన్ని ఎవరిమీదికి తోసి ఊపిరి పీల్చుకున్నారో తెలుస్తుంది. కనుక ఎవరు బాగా నటించారన్న ప్రశ్న కేవలం అభిరుచికి సంబంధించినది కాదు. నటనను తూచడానికి మనకు అలవాటైన ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాల కొలతలు ఇక్కడ కూడా పనికివస్తాయి. వాటితోపాటు ఇంకొక కొలత కూడా వాడతాను: ఈ నటుడు చెడును మనిషిలో ఎక్కడ వున్నట్లు చూపించాడు? పుర్రెలోనా, మనస్సులోనా, చేసే పనిలోనా?

ముందు మూలాన్ని చూద్దాము. ఆర్థర్ కానన్ డాయిల్ 1893 డిసెంబరులో స్ట్రాండ్ మాగజైనులో ప్రకటించిన ‘ది ఫైనల్ ప్రాబ్లమ్’ అనే కథలో మొరియార్టీ మొదటిసారి కనిపిస్తాడు. ఆ కథలోనే స్విట్జర్లండులోని రైఖెన్‌బాఖ్ జలపాతంలో పడి చనిపోతాడు. హోమ్స్ కథలు వ్రాసి వ్రాసి విసిగిన డాయిల్, హోమ్స్‌ను చంపి చారిత్రక నవలల పని చూసుకోవాలనుకున్నాడు. అంతటివానిని చంపడానికి అంతటివాడే కావాలి గనుక ఈ ప్రొఫెసరును సృష్టించాడు. అవసరానికి పుట్టిన పాత్ర అవడంచేత ఇతనికి కథలో చోటు చాలా తక్కువ. కథ చెప్పే వాట్సన్ ఇతనిని దగ్గరనుంచి చూసిందే లేదు. విక్టోరియా స్టేషనులో జనాన్ని తోసుకుంటూ వస్తున్న పొడుగాటి మనిషిగా ఒకసారి, కొండదారిలో వడివడిగా నడిచిపోతున్న నల్లని ఆకారంగా మరొకసారి, అంతే. మిగిలినదంతా హోమ్స్ నోట విన్నదే. తరువాత 1914–15లో వచ్చిన ‘ది వ్యాలీ ఆఫ్ ఫియర్’ నవలలో ఇతని నీడ వున్నది కాని ఇతను లేడు.

హోమ్స్ చెప్పినదానినిబట్టి ఇతను పొడుగరి, బక్కపలచనివాడు. నుదురు తెల్లగా ముందుకు పొంగివుంటుంది. కళ్ళు లోతుకు పోయివుంటాయి. చదివి చదివి భుజాలు వంగిపోయాయి. తల పాములాగ ఇటూ అటూ మెల్లగా వూగుతుంటుంది. ఇరవై ఒకటో ఏట బైనామియల్ థీరమ్ మీద ప్రబంధం వ్రాసి యూరప్ అంతటా పేరు తెచ్చుకున్నాడు. చిన్న విశ్వవిద్యాలయంలో గణితాచార్య పదవి పొందాడు. ఏవో పుకార్లు పుట్టి రాజీనామా చేశాడు. లండను మహానగరంలో జరిగే నేరాలలో చాలావాటికి సాలెగూడు మధ్యలో సాలీడులాగ కూర్చుని ఆలోచన అందించేది ఇతడే. స్వయంగా ఏమీ చేయడు. దొరికిపోయేది కిందివాళ్ళే.

నవలలో డాయిల్ ఇంకొక వివరం చేర్చాడు. దీన్ని సినిమావాళ్ళు ఎక్కువగా పట్టించుకోలేదు. ప్రొఫెసరు ఉద్యోగానికి సంవత్సరానికి 700 పౌన్ల జీతం. అతని గదిలో వేలాడే గ్రూజ్ చిత్రపటం ఖరీదు వేల పౌన్లు. తన ముఖ్య అనుచరుడు కర్నల్ మొరాన్‌కు ఏటా 6,000 పౌన్లు చెల్లిస్తాడు. తెలివిని జీతమిచ్చి కొనడం అమెరికా వ్యాపారుల పద్ధతి అని హోమ్స్ అక్కడే వ్యాఖ్యానిస్తాడు. అంటే మొరియార్టీ దొంగలనాయకుడుగా కాక ఒక యజమానిగా మూలంలోనే వున్నాడు. జీతాల పట్టీ, పని విభజన, రహస్య ఖాతాలు అన్నీ వున్న సంస్థకు అధిపతి అతడు.

దురదృష్టవశాత్తు డాయిల్ అక్కడితో ఆగలేదు. ఇంత చదువుకున్నవాడు ఇలా ఎందుకయ్యాడన్న ప్రశ్నకు అతని రక్తంలోనే నేరం పారుతున్నదనీ, అది వంశపారంపర్యమనీ హోమ్స్‌చేత చెప్పించాడు. అది ఆనాటి ‘శాస్త్రం’. ఇటలీలో లాంబ్రోసో 1876లో వెలువరించిన గ్రంథంలో పుట్టునేరస్థులుంటారనీ, వారిని పుర్రె ఆకారాన్నిబట్టి గుర్తించవచ్చుననీ వాదించాడు. బేకర్ స్ట్రీటు గదిలో అడుగుపెట్టిన మొరియార్టీ కూడా మొదట చేసే పని హోమ్స్ నుదుటి పరిమాణాన్ని అంచనా కట్టడమే.

ఈ సిద్ధాంతం ఇంగ్లీషు కథల్లో వుండిపోతే మనకు బాధ లేకపోను. కాని దానికి సోదరుడివంటి చట్టం మన నేలమీద అమలయింది. బ్రిటిషు ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911 చట్టంతో దానిని మద్రాసు రాజధానికి కూడా విస్తరించారు. ఎరుకల మొదలైన కులాలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసి, సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన స్టూవర్టుపురం అలాంటిదే. ఆ చట్టం రద్దయింది 1952లో. ఆ తరువాత కూడా అలవాటు నేరస్థుల చట్టాల పేరుతో అదే అనుమానం వేరే కాగితంమీద బతికింది. నవలా ప్రక్రియ పాఠం చెబుతూ ఒకసారి క్లాసులో ఈ కథ ప్రస్తావన తెచ్చాను. ఒకప్పటి సెటిల్‌మెంటు ఊరినుంచి వచ్చిన విద్యార్థి లేచి, “ప్రొఫెసరు రక్తంలో నేరముందని వ్రాస్తే అది కథయింది సార్. మా ముత్తాత రక్తంలో నేరముందని వ్రాస్తే అది పోలీసు రిజిస్టరయింది” అన్నాడు. తరువాత చాలాసేపు క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. నేను ఈ వ్యాసంలో వాడుతున్న కొలత ఆ అబ్బాయి ఇచ్చినదే.

ఇక నటుల సంగతి. 1899లో విలియం జిలెట్ వ్రాసి నటించిన నాటకంతో మొరియార్టీ రంగస్థలంమీదికి వచ్చాడు. మూగచిత్రాల కాలంలో 1922లో జాన్ బారిమోర్ హోమ్స్‌గా నటించినప్పుడు గుస్తావ్ వాన్ సైఫెర్‌టిట్జ్ ప్రొఫెసరు వేషం వేశాడు. అవి మెలోడ్రామా పద్ధతిలో ముఖం చిట్లించి కళ్ళు తిప్పే వేషాలు గనుక వాటిదగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. 1932 చిత్రంలో ఎర్నెస్ట్ టోరెన్స్ ధరించిన మొరియార్టీ మాత్రం కాలాన్ని చెబుతాడు. అంతకు ముందటి ఏడే అమెరికాలో అల్ కపోన్‌కు శిక్షపడింది. ఈ ప్రొఫెసరు అమెరికా ముఠాలను లండనుకు దింపి, ‘రక్షణ’ పేరుతో సారాకొట్లవాళ్ళదగ్గర మామూళ్ళు వసూలు చేయిస్తాడు. గణితాచార్యుడు కాస్తా గూండా అయిపోయాడు.

బాసిల్ రాత్‌బోన్ హోమ్స్‌గా నటించిన చిత్రాలలో ముగ్గురు మొరియార్టీలున్నారు. ఆరేళ్ళ వ్యవధిలో వచ్చిన ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూడడం చాలా ఉపయోగకరమైన పాఠం.

మొదటివాడు జార్జ్ జుకో. ప్రపంచయుద్ధం మొదలైన 1939 సెప్టెంబరులోనే ఆ చిత్రం విడుదలైంది. న్యాయస్థానంలో మొరియార్టీ నిర్దోషిగా విడుదల కావడంతో కథ మొదలవుతుంది. బయట వాన కురుస్తుంటే హోమ్స్, అతనూ ఒకే గుర్రపుబండిలో పక్కపక్కన కూర్చుని మర్యాదగా మాట్లాడుకుంటూ వెళతారు. జుకో గొప్పతనం ఆ మర్యాదలో వున్నది. ఇంట్లో మొక్కలను పసిపిల్లల్లాగ చూసుకుంటాడు. నీళ్ళుపోయడం మరచిన నౌకరుమీద మండిపడతాడు. మనుషుల ప్రాణాలు లెక్కలేనివానికి పూలమీద ఇంత మమకారం ఎలా వున్నదని మనకు ఆశ్చర్యం కలగాలని దర్శకుని ఉద్దేశం. కాని సుకుమారమైన అభిరుచి, నిర్దయ ఒకే ఇంట్లో కాపురం చేయడం మన జమీందారీల చరిత్ర తెలిసినవారికి వింత కాదు. జుకో దానిని అతి సహజంగా చూపించాడు. అరవడు, గొంతులో కొంచెం చక్కెర కలిపి మాట్లాడతాడు.

మూడేళ్ళకు, 1942లో, లయొనెల్ అట్విల్ అదే పాత్రను ధరించేనాటికి ప్రపంచం తగలబడుతున్నది. హోమ్స్‌ను ఆ కాలానికి తెచ్చి నాజీలమీదికి తోలారు. ఒక స్విస్ శాస్త్రవేత్త కనిపెట్టిన, బాంబులకు గురి చూపే యంత్రాన్ని మొరియార్టీ కాజేసి శత్రువులకు అమ్మజూస్తాడు. ఇతనికి ఫాసిజంమీద నమ్మకం లేదు, ద్వేషమూ లేదు. ఎక్కువ పాడినవానికి సరుకు. ఇది మంచి ఊహ. కాని అట్విల్ ఆ ఊహను నిలబెట్టలేకపోయాడు. అలసిన కళ్ళతో, బరువైన అడుగులతో, హోమ్స్ రక్తాన్ని బొట్టుబొట్టుగా తోడించే సన్నివేశంలో కూడా ఏదో కార్యాలయంలో సాయంకాలం అయిపోవాలని చూసే ఉద్యోగిలాగ వుంటాడు. ప్రచారచిత్రం తొందరలో పాత్రకు లోపలి బలం సమకూరలేదు.

మూడవవాడు హెన్రీ డానియెల్, 1945లో. రాత్‌బోన్ తన ఆత్మకథలో మొరియార్టీలందరిలోకి ఇతనికే పెద్దపీట వేశాడు. అంతకు అయిదేళ్ళ ముందు చాప్లిన్ ‘ది గ్రేట్ డిక్టేటర్’లో గోబెల్స్‌కు వ్యంగ్యరూపమైన గార్బిచ్ పాత్ర ధరించినది ఈ డానియెలే. అక్కడ నియంత ఎగిరి గంతులు వేస్తుంటే పక్కన కదలక మెదలక నిలబడి అతని చెవిలో ఆలోచనలు ఊదే మనిషి ఇతడు. ఆ నిశ్చలత్వాన్నే మొరియార్టీలోకి తెచ్చుకున్నాడు. బేకర్ స్ట్రీటు గదిలో హోమ్స్‌తో మాట్లాడే సన్నివేశంలో అతని ముఖంలో ఒక్క కండరం కదలదు. పెదవులు మాత్రం పనిచేస్తుంటాయి. ధనవంతులను హత్యానేరంలో ఇరికించి డబ్బు గుంజే ఆ కథ చాలా నాసిరకం. హిప్నాటిజం ఒకటి అందులో. కథ ఎంత నాసిదైనా నటుడు పాత్రను రక్షించవచ్చుననడానికి ఇది నిదర్శనం.

ఆయుధం పట్టకుండా ఆలోచనతో చంపేవాడంటే తెలుగువాడికి మొదట గుర్తుకువచ్చేది శకుని. ‘మాయాబజార్’ (1957)లో సి.ఎస్.ఆర్. ఆంజనేయులుగారి శకుని నవ్వుతూ, పాచికలను ముద్దుచేస్తూ తిరుగుతాడు. ‘శ్రీకృష్ణపాండవీయం’ (1966)లో ధూళిపాళగారి శకుని లోపల పగను మండించుకుంటూ పైకి నవ్వుతాడు. మొదటివారి నవ్వు వెనుక ఏమీ లేదనిపిస్తుంది. రెండవవారి నవ్వు వెనుక చచ్చిపోయిన బంధువులందరూ నిలబడి వుంటారు. రెండూ గొప్ప నటనలే. కాని ధూళిపాళగారి శకునికి ఒక చరిత్ర వున్నది. అతని దుర్మార్గానికి కారణం లోకంలో వున్నది, రక్తంలో లేదు. ఈ తేడా పాశ్చాత్య నటులదగ్గర కూడా మనకు కనిపిస్తుంది.

1976లో వచ్చిన ‘ది సెవెన్ పర్సెంట్ సొల్యూషన్’లో లారెన్స్ ఒలివియే వేసిన మొరియార్టీ అసలు దుర్మార్గుడే కాడు. ఒక ముసలి గణితం మాస్టారు. హోమ్స్ కొకెయిన్ మత్తులో అతనిని రాక్షసుడుగా ఊహించుకుంటున్నాడు. ఫ్రాయిడు వచ్చి చికిత్స చేసి, హోమ్స్ బాల్యంలో ఇంట్లో జరిగిన ఘోరాన్ని బయటికి తీస్తాడు. ఒలివియే కనిపించేది కొద్దిసేపే అయినా, భయంతో వణికే ఆ గొంతు, దెబ్బతిన్న ఆత్మగౌరవం మరచిపోలేము. అదే సంవత్సరం ‘మారథాన్ మాన్’లో అతనే నాజీ వైద్యుడుగా నటించి ప్రేక్షకులను గడగడలాడించాడని గుర్తుచేసుకుంటే ఆ నటుడి విస్తృతి అర్థమవుతుంది. అయితే ఈ చిత్రం దృక్పథంతో నాకు పేచీ వున్నది. చెడు అంతా బాధితుడి బుర్రలోనే పుట్టిందని తేల్చినతరువాత ఇక బయటి ప్రపంచంలో మార్చవలసినది ఏమీ మిగలదు. పుర్రెనుంచి చెడును తీసి మనస్సులో పెట్టారు. సమాజం జోలికి మాత్రం పోలేదు.

సోవియట్ చిత్రాన్ని గురించి మన పాఠకులకు ప్రత్యేకమైన ఆసక్తి వుంటుంది. లెన్‌ఫిల్మ్ సంస్థ తరఫున ఇగోర్ మస్లెనికోవ్ 1979–86 మధ్య టెలివిజనుకోసం తీసిన హోమ్స్ చిత్రాలు, వసీలీ లివనోవ్, వితాలీ సొలోమిన్‌ల నటనవల్ల ఇంగ్లండులో కూడా మన్నన పొందాయి. లివనోవ్‌కు 2006లో బ్రిటిషు ప్రభుత్వం గౌరవ పురస్కారమిచ్చింది. రీగా నగరపు వీధి బేకర్ స్ట్రీటు అయింది. అబ్ఖజియాలోని జలపాతం రైఖెన్‌బాఖ్ అయింది. 1980 చిత్రంలో మొరియార్టీ వేషం వేసిన విక్టర్ యెవ్‌గ్రాఫోవ్ సాహసకృత్యాలు చేయగల నటుడు. గొంతు మాత్రం అతనిది కాదు. కోజింత్సెవ్ ‘కింగ్ లియర్’లో విదూషకుడుగా నటించిన ఒలెగ్ దాల్ అరువిచ్చాడు. ఆంగికం ఒకరిది, వాచికం ఇంకొకరిది. రెండూ అతకడమే వింత. వంగిన నడుము, ముందుకు సాగిన మెడ, పొంగిన నుదురు, లోతు కళ్ళు, పడగ విప్పిన పాములాగ తల వూపడం, ఇలా డాయిల్ వర్ణనను అక్షరాలా పాటించిన వేషం ఇది. కొండ అంచున జరిగే పెనుగులాటలో ఆ శరీరం చేసే పని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట చెప్పక తప్పదు. సామాజిక పరిస్థితులు మనిషిని తీర్చుతాయని పాఠశాల పిల్లలకు సైతం బోధించిన దేశంలో తయారైన మొరియార్టీయే అందరికంటె ఎక్కువగా లాంబ్రోసో మొరియార్టీ అయ్యాడు. అతనిని చూడగానే చెడ్డవాడని తెలిసిపోతుంది. అలా తెలిసిపోవడం ప్రేక్షకునికి హాయిగా వుంటుంది. కాని అలా ముఖాన్ని చూసి నేరస్థుడిని గుర్తుపట్టవచ్చునన్న నమ్మకంమీదనే సెటిల్‌మెంట్ల గోడలు లేచాయి. ప్రేమతో చేసిన పనిని కూడా ఈ ప్రశ్న అడగకుండా విడిచిపెట్టకూడదు.

గ్రెనడా టెలివిజను 1985లో ప్రసారం చేసిన చిత్రంలో ఎరిక్ పోర్టర్ నటించాడు. జెరెమీ బ్రెట్ అందులో హోమ్స్. నాకు తెలిసినంతలో మూలానికి నిజమైన న్యాయం చేసినవాడు పోర్టర్. 1967లో బి.బి.సి. గాల్స్‌వర్దీ ‘ఫోర్‌సైట్ సాగా’ను ధారావాహికగా తీసినప్పుడు, భార్యను కూడా ఆస్తిలెక్కలోనే చూసే సోమ్స్ పాత్ర ధరించింది ఇతడే. ఆస్తిపరుడి మనస్తత్వం అతనికి కరతలామలకం. ఈ కథకోసం దర్శకరచయితలు ఒక సంఘటన కల్పించారు: మొరియార్టీ మోనాలిసా చిత్రాన్ని దొంగిలింపించి, నకళ్ళు వ్రాయించి, ఒక్కొక్క నకలును అసలని చెప్పి ధనికులకు అమ్మే ఏర్పాటు చేస్తాడు. హోమ్స్ దానిని చెడగొడతాడు. ఆ నష్టం తరువాత బేకర్ స్ట్రీటుకు వచ్చిన పోర్టర్ ముఖంలో కోపం కంటె ముందు కనిపించేది అసౌకర్యం. నా కార్యక్రమాలకు నీవు అడ్డు వస్తున్నావు అన్న భావం. బాకీదారు ఇంటికి వచ్చిన వడ్డీవ్యాపారిలాగ మాట్లాడతాడు. తల వూపడం వున్నది, కాని చాలా కొద్దిగా. ఆ ఊపు పాముది కాదు, లెక్క కుదరక తల ఆడించే గుమాస్తాది. ఈ పోర్టర్‌ను చూసినప్పుడు 700 పౌన్ల జీతగాడు 6,000 పౌన్ల జీతం ఎలా ఇస్తున్నాడో అర్థమవుతుంది. సాత్త్వికాభినయం అంటే కన్నీరు కార్చడమే కాదు; పాత్ర ఏ పనిచేసి బ్రతుకుతున్నదో శరీరంలోకి ఇంకిపోవడం కూడా సాత్త్వికమే.

ఇప్పటి విద్యార్థులకు మొరియార్టీ అంటే ఆండ్రూ స్కాట్. 2010లో మొదలైన బి.బి.సి. ‘షెర్లాక్’లో అతను వయస్సులో చిన్నవాడు, ఖరీదైన సూటు, డబ్లిన్ యాస. హోమ్స్ డిటెక్టివులకు సలహాదారు అయినట్లు ఇతడు నేరస్థులకు సలహాదారు. ఒక వాక్యాన్ని గుసగుసగా మొదలుపెట్టి, పాటలాగ సాగదీసి, చివర కేకగా ముగిస్తాడు. తరువాత ఏమీ జరగనట్లు చిరునవ్వు. అతని నటనకు 2012లో బ్రిటిషు అకాడమీ బహుమతి వచ్చింది; దానికి అర్హుడే. 1939 చిత్రానికీ దీనికీ ఒక పోలిక ఆసక్తికరం. జుకో మొరియార్టీ లండన్ టవరులోని రాజాభరణాలను కాజేయజూస్తాడు, కోర్టులో విడుదలవుతాడు. స్కాట్ మొరియార్టీ అదే ఆభరణాలను ధరించి సింహాసనంమీద కూర్చుంటాడు, జ్యూరీ సభ్యులను బెదిరించి విడుదలవుతాడు. మొదటివానికి ఆభరణాలు కావాలి. రెండవవానికి ఏమీ అక్కరలేదు. విసుగు పోవాలి, అంతే.

ఆ విసుగే నాకు అభ్యంతరం. మా విద్యార్థులు అతనిని అనుకరిస్తారు. అతని మాటల తీరును ముద్దుగా చెప్పుకుంటారు. పనిచేసే అవసరం లేనివాని విసుగు లోకంలో అతి గొప్ప ఉద్వేగంగా వారికి కనిపిస్తున్నది. ఉద్యోగం దొరకక నాలుగో పోటీపరీక్షకు కూర్చుంటున్న కుర్రవాడు కోటీశ్వరుని విసుగును చూసి చప్పట్లు కొట్టడంలో ఒక విషాదం వున్నది. అయితే ఆ కథలోనే ఒక మంచి సత్యం దాగివున్నదని వారికి చూపించాను. ఏ తాళాన్నయినా తెరిచే రహస్యసూత్రం అతనిదగ్గర వున్నదని అందరూ నమ్ముతారు. చివరకు అలాంటి సూత్రమే లేదని తేలుతుంది. టవరునూ బ్యాంకునూ జైలునూ లోపలివాళ్ళే డబ్బు తీసుకుని తెరిచారు. మేధావి మంత్రం అనుకున్నది మామూలు లంచం. స్కాట్ నటన తళుకులో ఈ మాట చాలామందికి వినపడలేదు.

2013లో ‘ఎలిమెంటరీ’ అనే అమెరికన్ ధారావాహికలో నటాలీ డార్మర్ మొరియార్టీగా నటించి ఆ పాత్రను స్త్రీగా మార్చింది. ఆ ప్రయోగంమీద వేరే వ్యాసమే వ్రాయవచ్చును.

ఇక 2011లో గై రిచీ తీసిన ‘ఎ గేమ్ ఆఫ్ షాడోస్’. జారెడ్ హారిస్ మొరియార్టీ. మన మిత్రులు చాలామంది అన్నిటికంటె మెచ్చుకొనేది దీనినే. కారణం స్పష్టం. కథ 1891లో జరుగుతుంది. ప్రొఫెసరు పత్తి, నల్లమందు, ఉక్కు, ఆయుధాల కంపెనీలను ఒక్కొక్కటే చేజిక్కించుకుంటాడు. ఒక భారతీయ పత్తి వర్తకుడు దివాలా తీస్తాడు. ఒక చైనా నల్లమందు వ్యాపారి చచ్చిపోతాడు. తుపాకి గుండూ తనదే, గాయానికి కట్టే గుడ్డా తనదే అయ్యాక యూరప్‌లో యుద్ధం రాజెయ్యడమే మిగిలిన పని. హారిస్ గడ్డం పెంచుకుని, మెత్తగా మాట్లాడుతూ, ఆచార్యుడుగా నిండుగా కనిపిస్తాడు. షూబర్ట్ పాట మోగుతుండగా హోమ్స్‌ను చిత్రహింస పెట్టే సన్నివేశంలో అతని ఆనందం బీభత్సరసానికి పరాకాష్ఠ. యుద్ధం ఎలాగూ వస్తుంది, మనుషులే దానిని కోరుకుంటున్నారు, నేను వేచివుంటే చాలునన్న ధోరణిలో అతను చెప్పే సంభాషణ చిత్రానికి ఆయువుపట్టు.

విషయం ఇంత మంచిదైనప్పుడు నటననూ నిర్మాణాన్నీ ప్రశ్నించనక్కరలేదని ఒక మిత్రుడు వాదించాడు. నేను అంగీకరించలేదు. ఆ చిత్రంలో యుద్ధానికి కారణం ఒక్కడు. అతని చిట్టాపుస్తకాన్ని హోమ్స్ కాజేస్తాడు, ధనమంతా యుద్ధంలో భర్తలనూ తండ్రులనూ పోగొట్టుకున్నవారికి చేరుతుంది, అతను జలపాతంలో పడిపోతాడు, యుద్ధం ఆగిపోతుంది. ప్రేక్షకుడు తృప్తిగా ఇంటికి వెళతాడు. కాని 1914లో యుద్ధం వచ్చింది. క్రుప్, వికర్స్ కంపెనీలకు డైరెక్టర్లున్నారు, వాటాదారులున్నారు. ఒకరు చనిపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఆయుధవ్యాపారిని విలనుగా చూపడం ఒక అడుగు. ఆయుధవ్యాపారాన్ని ఒక మనిషి కుట్రగా కుదించడం రెండడుగులు వెనక్కు. రక్తంలో నేరమన్న పాత మాటకూ, ఒక్కడి బుర్రలో యుద్ధమన్న ఈ కొత్త మాటకూ బంధుత్వం వున్నదని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక విచిత్రమైన సంబంధం చెప్పుకోవాలి. డాయిల్ ‘ది వ్యాలీ ఆఫ్ ఫియర్’ రెండవ సగానికి ఆధారం పెన్సిల్వేనియా బొగ్గుగనుల్లోని ఐరిష్ కార్మికుల చరిత్ర. మోలీ మగ్వైర్లనే రహస్యసంఘం పేరుతో 1877–79 మధ్య 20 మందిని ఉరితీశారు. 1877 జూన్ 21న ఒక్కరోజే పదిమందిని. వారిమధ్య చేరి సాక్ష్యం చెప్పినవాడు పింకర్టన్ కంపెనీ గూఢచారి మెక్‌పార్లన్. గనుల యజమాని అయిన రైల్వే కంపెనీ అధ్యక్షుడే ప్రాసిక్యూటరుగా కోర్టులో నిలబడ్డాడు. డాయిల్ నవలలో ఆ గూఢచారి వీరుడు, కార్మికులు హంతకులు. మొరియార్టీ ఆ హంతకుల పక్షాన నిలిచేవాడు. 1979లో పెన్సిల్వేనియా గవర్నరు, వారి నాయకుడన్న జాన్ కెహోకు మరణానంతర క్షమాభిక్ష ప్రకటించాడు. అంతకుముందే, 1970లో, హాలీవుడ్ బ్లాక్‌లిస్టుకు గురయిన మార్టిన్ రిట్, వాల్టర్ బెర్న్‌స్టీన్‌లు ఈ కథను కార్మికుల వైపునుంచి చిత్రంగా తీశారు. అందులో గూఢచారి వేషం వేసిన నటుడు రిచర్డ్ హారిస్. ఆయన కొడుకే 2011 నాటి మొరియార్టీ జారెడ్ హారిస్. నమ్మిన కూలీలను ఉరికంబానికి అప్పగించే మనిషి లోపలి కుళ్ళును తండ్రి ఎంత జంకుతూ, ఎంత బరువుగా చూపించాడో చూసి, తరువాత కొడుకు వేషాన్ని చూడమని విద్యార్థులకు చెబుతుంటాను. నేరం ఎవరిది అన్న ప్రశ్నను తండ్రి నటించిన చిత్రమే లోతుగా అడిగింది.

మన దేశంలో మొరియార్టీకి దీటైన వేషం ఒకటి వున్నది. సత్యజిత్ రాయ్ ‘జయ్ బాబా ఫేలూనాథ్’ (1979)లో మగన్‌లాల్ మేఘ్‌రాజ్. ధరించినవాడు ఉత్పల్ దత్. 1946 నావికుల తిరుగుబాటుమీద ‘కల్లోల్’ నాటకం ప్రదర్శించిన ఏడే, 1965లో, నిర్బంధానికి గురయి జైలుకు వెళ్ళిన మార్క్సిస్టు నాటకకర్త ఆయన. కాశీలో పరుపుమీద చేరగిలబడి, అతిథులకు షర్బత్ ఇప్పించి, విగ్రహాలను విదేశాలకు దాటించే ఆ సేఠ్‌ను ఆయన ఎంత ఆప్యాయంగా నటించాడో చూడాలి. వేళాకోళంగా అమాయకుడైన జటాయును బల్లకు నిలబెట్టి కత్తులు విసిరిస్తాడు. విసిరేవాడు వణికే ముసలివాడు. వాడి పొట్టకూటికి అదే పని. ఆ దృశ్యంలో ముగ్గురూ కనిపిస్తారు: ఆనందించే యజమాని, జీతానికి కత్తి విసిరే పనివాడు, చెమటలు కారుతూ నిలబడిన మధ్యతరగతి రచయిత. ఉత్పల్ దత్ పొంగిన నుదురు పెట్టుకోలేదు, తల వూపలేదు. బజారులో రోజూ మనకు నమస్కారం పెట్టే పెద్దమనిషిలాగే వున్నాడు. ఏ వర్గాన్ని జీవితమంతా ఎదిరించాడో ఆ వర్గం నడకనూ నవ్వునూ అంత దగ్గరగా గమనించాడు కనుకనే అది సాధ్యమయింది.

నటులను ఈ వరసలో చూసినప్పుడు నాకు తోచినది ఇది. చెడును పుర్రెలో చూపించడం సులభం, మనస్సులో చూపించడం కొంత కష్టం, చేసే పనిలో చూపించడం అన్నిటికంటె కష్టం. డానియెల్, పోర్టర్, ఉత్పల్ దత్ మూడవ పని చేశారు. ఆ పని చేయాలంటే నటుడికి తాను ధరించే మనిషి ఆదాయం ఎక్కడినుంచి వస్తున్నదో తెలియాలి. విమర్శకుడికీ తెలియాలి. మన నాటకసమాజాలలో విలను వేషం వేసే యువకులు ముఖానికి రంగు పూయకముందు ఆ పాత్ర ఎవరికి ఎంత జీతమిస్తున్నదో ఒక కాగితంమీద వ్రాసుకుంటే మంచిదని నా సూచన. మొరియార్టీ విషయంలో ఆ లెక్క డాయిలే వ్రాసిపెట్టాడు: వచ్చేది 700, ఇచ్చేది 6,000. మిగిలిన 5,300 పౌన్లు ఎక్కడనుంచి వస్తున్నాయన్నది ప్రేక్షకుడు థియేటరులోనే అడగడం మొదలుపెడితే, ఆ నటుడు తన పని చేసినట్లే.